ఉస్తాద్‌కి సనద్ ఎవరిస్తారు?

మా పుంగనూరు వైపు తాపీ పనివాణ్ని బేల్దారి అంటారు. ఉర్దూ మీడియంలో చదివినవాణ్ని కదా, నాకది ఇంటి మాటే. ఫార్సీలో బేల్ అంటే పార. పార పట్టినవాడు బేల్దార్. మేస్త్రి అన్న మాట మాత్రం పోర్చుగీసు వాళ్లది. దానికి ఉస్తాద్ అని కూడా అర్థం. పని చేసేవాడే సబక్ చెప్పేవాడన్నమాట. ఇప్పుడా ఇద్దరూ వేరైపోయారు.

మా మామూ ముప్పై ఏళ్లు ఇక్కడా, కువైట్‌లోనూ గోడలు కట్టారు. తూకం గుండు వదలకముందే గోడ ఎటు వాలిందో చెప్పేస్తారు. ఇటుకను తడపకుండా పెడితే మాలులోని నీళ్లు పీల్చేసి గోడ బలహీనమవుతుందని కుర్రాళ్లకు చెయ్యి పట్టుకుని నేర్పారు. ఐటీఐలో నేర్పే నౌకరీ మాత్రం ఆయనకు దొరకదు. దానికి ఐటీఐ సర్టిఫికెట్టో, డిప్లొమానో ఉండాలి. ఆపైన సీఐటీఎస్ అనే ఏడాది ఇన్‌స్ట్రక్టర్ ట్రైనింగు. మామూ చదివింది ఐదో తరగతి. హునర్ ఉంది, సనద్ లేదు.

సనద్ ఉన్నవాళ్లేమో క్లాసులో నిలవరు. కాంట్రాక్టు జీతం కన్నా బెంగళూరు సైటులో, గల్ఫ్‌లో ఎక్కువ వస్తుంది. ఇల్లు గడవాలి కదా, వాళ్లను తప్పుపట్టలేం. నష్టపోయేది షాగిర్దే. పుస్తకం చదివి సైటుకెళ్తే మళ్లీ ఇటుకలు మోసే పనే ఇస్తారు.

పని నేర్పడానికి 1998లోనే హైదరాబాద్‌లో న్యాక్ పెట్టారు. చేతిలో ఉన్న పనిని పరీక్షించి సర్టిఫికెట్ ఇచ్చే ఆర్‌పీఎల్ పద్ధతి 2015లో మొదలైన కౌశల్ వికాస్ యోజనలో ఉంది. మంచిదే. కానీ అది కారీగర్ అని చెప్తుంది, ఉస్తాద్ అని చెప్పదు.

నా రాయ్ ఒకటే. డ్రాయింగు, కొలతలు, లెక్కలు సనద్ ఉన్న ఇన్‌స్ట్రక్టర్ చెప్పాలి. వర్క్‌షాపులో మామూలాంటివాళ్లకు గంటల లెక్కన ఇజ్జత్‌గా ఉజ్రత్ ఇచ్చి నేర్పించాలి. మన ఇళ్లల్లో ఐటీఐ పాసైన పిల్లలుంటే వీసా ఒక్కటే దారి అనుకోకండి. సీఐటీఎస్ గురించి కూడా కనుక్కోండి.

మామూకి మోకాళ్లు అరిగిపోయాయి, పరంజా ఎక్కలేరు. కొడుకు బెంగళూరులో డెలివరీ బండి నడుపుతున్నాడు. నేర్పే ఓపిక మామూకి ఇంకా ఉంది. నేర్చుకునేవాడే ఇంటికి రావడం లేదు.