వ్రాసికొనిన ఋణము

ఇంటిగుట్టు బయట పెట్టుట గృహిణికి తగదని పెద్దలందురు. అయినను మమ్ము ఇరువది నెలలు కుంగదీసిన గుట్టు నొకదానిని నేడు మీ ముందుంచుచున్నాను. ఏలయన, దానిని దాచుటయే మా యాపదకు సగము కారణము.

మా కాపురము హైదరాబాదు పాతనగరమున, చాంద్రాయణగుట్ట ప్రక్కనున్న బార్కసులో. ‘బ్యారక్సు’ అను నింగ్లీషుమాట జనుల నోట నలిగి బార్కసైనది. నిజాము కొలువునకై యెమను దేశపు హద్రమౌతు ప్రాంతము నుండి వచ్చిన అరబ్బు సిపాయిల వసతు లిచ్చట నుండెడివి. వారి సంతతివారే నేటికిని మా యిరుగుపొరుగు. ప్రాతఃకాలమున హరీసు వండు బానల పొగయు, బండ్లమీది జామపండ్ల వాసనయు మా వీథికి అలంకారములు. మావారు ఇచ్చట నొక ప్రైవేటు పాఠశాలలో లెక్కలు చెప్పుదురు.

2020 మార్చిలో కరోనా వ్యాధి వలన బడులు మూతపడెను. కొలది నెలలలోనే జీతము నిలిచెను. 2021 ఏప్రిలులో తెలంగాణ ప్రభుత్వము ప్రైవేటు బడుల యుపాధ్యాయులకు నెలకు 2,000 రూపాయలును, 25 కిలోల బియ్యమును ఇయ్యసాగెను. ఆ బియ్యముతో పొయ్యి వెలిగినది. తక్కిన ఖర్చు లెట్లు గడచుచున్నవో నేనడుగలేదు, వారు చెప్పలేదు. అడిగిన వారికి చిన్నతనమని నేనును, చెప్పిన నాకు దిగులని వారును తలంచితిమి.

2022 ఫిబ్రవరిలో నొక మధ్యాహ్నము క్రొత్త మనిషి యొకడు గడప ముందు నిలిచి, “మాస్టరుగారు లేరా అమ్మా? రెండు నెలల వడ్డీ ఆగిపోయినది” అని వీథికంతకు వినవచ్చునట్లు పలికెను. ఎదురింటి తలుపులు తెరచుకొనెను. తొమ్మిదేండ్ల మా యమ్మాయి నా కొంగు పట్టుకొని, “వడ్డీ యనగా నేమమ్మా?” అని యడిగెను. నేను బదులు చెప్పలేకపోతిని.

బాల్యమున మా తాతగారియొద్ద హరిశ్చంద్రుని కథ చదివితిని. విశ్వామిత్రుని బాకీ తీర్చుటకై తన్ను విక్రయింపుమని చంద్రమతియే భర్తతో ననెను. ఆ సాధ్వి త్యాగమును తలచి నాడు కన్నీరు కార్చితిని గాని, ఒక సంగతి గమనింపనైతిని. ఋణమెంతయో, గడువెన్నడో ఆమెకు తెలియును! నాటి రాత్రి మావారితో, “చంద్రమతికి తెలిసినపాటి నాకు తెలియరాదా?” అంటిని. వారు చాలసేపు తలవంచుకొని కూర్చుండి, తుదకు అన్నియు చెప్పిరి.

అమ్మాయి పాత నోటుపుస్తకమున వెనుకపుట తెరచి, వారు చెప్పగా నేను వ్రాసితిని. 2020 జూనులో వడ్డీ వ్యాపారియొద్ద నూటికి నెలకు మూడు రూపాయల చొప్పున 60,000 తెచ్చిరి. నెలకు 1,800 వడ్డీ. పదునెనిమిది నెలలలో 32,400 చెల్లించినను, అసలులో నొక రూపాయి తరుగలేదు. ఆ వడ్డీ కట్టుటకే క్రెడిట్ కార్డుమీద డబ్బు తీసిరి. ఆ బాకీ 40,000 అయ్యెను. దానికి నూటికి మూడున్నర చొప్పున నెలకు 1,400 వడ్డీ. కనీసము కట్టవలసిన 2,000 కట్టిన, అసలు తరుగునది 600 మాత్రమే. పరుల బిడ్డలకు బారువడ్డీ, చక్రవడ్డీ నేర్పు పంతులుగారు తమ లెక్క నెన్నడును కాగితముపై పెట్టలేదు. భయపడిన మనస్సు కూడిక చేయదు.

నా పెట్టెలో మా యమ్మ యిచ్చిన నాలుగు తులముల కాసులపేరు కలదు. ఆమె మెడలో దానిని చూచుచు పెరిగితిని. స్త్రీధనము ముట్టరాదని మావారు దాని యూసే యెత్తలేదు. ఆ పేరు పెట్టెలో నిద్రించుచుండ, మే మిరువురము మేలుకొని యుంటిమి! బ్యాంకులో దానిని కుదువబెట్టి, ఏటికి నూటికి తొమ్మిది వడ్డీకి లక్ష రూపాయలు తెచ్చి, రెండు బాకీలును తీర్చితిమి. నెలకు 3,200 అగుచుండిన వడ్డీ 750 అయ్యెను. కార్డును నేనే కత్తెరతో ముక్కలు చేసితిని.

వ్యాపారికి ఆగిన రెండు నెలల వడ్డీ 3,600 ఇంకను మిగిలెను. ప్రక్కింటి పెద్దావిడను నేను ఖాలా యందును. ఆమె జామపండ్లు తెచ్చి మా యరుగుపై కూర్చుండి, “బేటీ, అప్పు సిగ్గు కాదు. దాచిన అప్పు సిగ్గు” అనెను. వడ్డీ వారి మతమున నిషిద్ధము. ఊరక నిచ్చు అప్పును ఖర్జె హసనా యందురట. 3,600 నా చేత బెట్టి, కాగితము వ్రాసి ఇద్దరు సాక్షులచే సంతకము చేయింపుమనెను. నా ముఖము చిన్నబోవుట చూచి, “నమ్మక కాదు బేటీ! రేపు మనలో నెవరు మరచినను స్నేహము చెడకుండుటకు. అప్పు వ్రాసికొనుమని మా గ్రంథమే చెప్పుచున్నది” అనెను.

కాలగతి చిత్రమైనది. పందొమ్మిదవ శతాబ్దమున నిజాము రాజ్యములో అప్పులిచ్చి బలిమితో వసూలు చేసినవారిలో అరబ్బు జమేదారులు పేరుమోసినవారు. 1853లో దివానైన మొదటి సాలార్జంగు వారి నదుపులోనికి తెచ్చెను. ఆ యేటనే, ఇంగ్లీషువారి కంటింజెంటు సైన్యపు ఖర్చు బాకీపడి, నిజాము బెరారును వారి పాలనకు విడువవలసివచ్చెను. రాజ్యములకే అప్పు అట్టి గతి పట్టింపగా, మావంటివారి మాట వేరుగ చెప్పనేల?

వడ్డీ తగ్గెను గదాయని మేము చేయి జారవిడువలేదు. మునుపు రెండు బాకీలకు కట్టుచుండిన 3,800 రూపాయలనే నెలనెలా బ్యాంకున కట్టితిమి. సాయంకాలములందు పిల్లలకు తెలుగు చెప్పి ఖాలాకు నెలకు 900 చొప్పున నాలుగు నెలలలో తీర్చితిని. రెండు దసరాలు క్రొత్తచీర లేదు. అమ్మాయి సైకి లడిగిన నాడు పుస్తకము తెరచి చూపితిమి. అది యలిగినది గాని, మరల నడుగలేదు. ఆ మౌనమే నన్ను మిక్కిలి బాధించెను. ముప్పదవ నెల, 2024 ఆగస్టులో, కాసులపేరు ఇంటికి వచ్చెను.

సోదరీమణులారా! మీ యింట ఋణమున్నచో మొదట దాని నంతయు నొకచోట వ్రాయుడు. వడ్డీ యెక్కువైనదానిని ముందు తీర్పుడు. వడ్డీ కట్టుటకై మరియొక యప్పు చేయకుడు. పెట్టెలోని బంగారమునకంటె ఇంటి నిద్ర విలువైనదని నమ్ముడు. అన్నిటికంటె ముఖ్యముగ, భర్త చెప్పునని కాచుకొనక మీరే యడుగుడు. అప్పులేక తన యింట కూర వండుకొని తినువాడే సుఖియని ధర్మరాజు యక్షునితో ననెను గదా!

ఆ నోటుపుస్తక మిప్పటికిని నా పెట్టెలో కాసులపేరు ప్రక్కనే యున్నది. వడ్డీ యనగా నేమని నేడు మా యమ్మాయి నెవరైన నడిగిన, ఆ పుస్తకము తెచ్చి లెక్క చేసి చూపును.