రూపు మార్చుకున్న బండ్లు

పాత కార్లను పోషించడం ఖరీదైన వ్యసనమని కొందరు, గొప్ప కళ అని మరికొందరు అంటారు. ఏదైనా కానీ, ఆ అభిమానుల లోకంలో ఒక విచిత్రమున్నది. ఒకనాడు రాజులూ జమీందారులూ ఎక్కి తిరిగిన మేలిరకపు కార్లు నేటికీ కొద్దో గొప్పో కానవస్తున్నవి. అదే కాలంలో వీధి వీధికీ రొట్టెలు, పాలు, ఉత్తరాలు, బట్టల మూటలు చేరవేసిన సరుకు వ్యాన్లు మాత్రం అరుదైపోయినవి. కారణం ఊహింపరానిది కాదు. కారుకు షెడ్డు ఉండేది, తుడిచే నౌకరు ఉండేవాడు. వ్యానుకు విశ్రాంతి ఎక్కడిది? ఒక యజమాని దగ్గర అరిగి, రెండవ యజమాని దగ్గర విరిగి, మూడవ యజమాని చేతిలో రూపు మార్చుకొని, కడకు గుజిరీ చేరడమే దాని బ్రతుకు. అందువల్లనే ఎక్కడైనా ఒక పాత సరుకు వ్యాను మిగిలిందని తెలిస్తే, అందులోనూ అది రూపు మారి మరొక జీవితం గడిపినదైతే, అభిమానులు ఎంత దూరమైనా వెళ్ళి చూచి వస్తారు.

పాశ్చాత్య దేశాలలో ఈ అభిమానం బాగా పాదుకొన్నది. 1947లో బెన్ పోన్ అనే డచ్చి వర్తకుడు తన పుస్తకంలో గీసుకున్న ఒక చిన్న బొమ్మనుండి పుట్టిన ఫోక్స్‌వాగన్ వ్యాను 1950లో తయారీకి వచ్చినది. దాని ఇంజను వెనుక, డ్రైవరు ముందు చక్రాలమీద, నడుమ ఉన్నదంతా ఖాళీ స్థలం. ఆ ఖాళీలోనే మానవుని ఊహ చొరబడినది. 1951 నాటికే వెస్ట్‌ఫాలియా సంస్థ అందులో మంచమూ బీరువా అమర్చి నడిచే ఇల్లుగా మార్చినది. 1947 మొదలు 1981 వరకు ఫ్రాన్సులో తయారైన సిట్రోయెన్ హెచ్ వ్యాను, ముడతల రేకు ఒళ్ళుతో, కసాయి దుకాణంగా, ఆంబులెన్సుగా, ఫలహారశాలగా ఎన్నో అవతారాలెత్తినది. నేడు ఆ బండ్ల ఖరీదు వింటే, వాటిని మొదట కొన్న రొట్టెల వ్యాపారులు నమ్మరేమో!

ఆ దేశాల సంగతి మనకెందుకని మిత్రులు అడుగవచ్చును. మార్కాపురానికి సమీపంలోని పెద్దారవీడు పరిసరాలలో పెరిగిన మాకు ఇది పరాయి విషయంగా తోచలేదు. మాది రాతి నేల, వానలు తక్కువైన నేల. మార్కాపురం పలక ఒకప్పుడు దేశంలోని ఎన్నో బడులలో పిల్లల చేతికి అక్షరాన్ని అందించినది. ఆ పలకలను గనులనుండి కార్ఖానాలకూ, కార్ఖానాలనుండి మార్కాపురం రోడ్డు రైల్వే స్టేషనుకూ చేర్చినవి ఎద్దుబండ్లు, లారీలు, ఆపైన వ్యాన్లు. ఆ వ్యాను ఏ కంపెనీదైనా సరే, మా వైపు వారికి అది 'మెటాడోరే'. మూడు చక్రాలదైతే 'టెంపో'. కంపెనీవారు పెట్టిన పేర్లు జనం నోట జాతి పేర్లుగా మారడంకంటె ఆ బండ్లకు మరొక బిరుదేమి కావలెను?

నిజానికి ఆ రెండు పేర్లూ ఒకే ఇంటివి. జర్మనీలోని హాంబర్గు ప్రాంతపు టెంపో కంపెనీ సహకారంతో మన దేశంలో 1958లో బజాజ్ టెంపో ఏర్పడినది. మొదట హాన్సియాట్ అనే మూడు చక్రాల బండి, 1969లో మెటాడోర్ వెలువడినవి. 2005లో ఆ సంస్థ ఫోర్స్ మోటార్స్‌గా పేరు మార్చుకున్నది. మెటాడోర్‌లో ఇంజను ముందుండి, ముందు చక్రాలనే త్రిప్పేది. వెనుకకు పోయే ఇరుసు కడ్డీ లేనందువలన దాని అడుగు పలక నేలకు దగ్గరగా, చదునుగా ఉండేది. మూటలు ఎత్తే కూలీకి ఈ ఏర్పాటు ఎంత సుఖమో, లోపల సీట్లు బిగించి మనుష్యులను కూర్చోబెట్టదలచిన మేస్త్రీకీ అంతే సుఖం. మద్రాసులోని స్టాండర్డ్ మోటార్ వారి స్టాండర్డ్-20 అనే మరొక వ్యాను కూడ ఉండేది. ఇంగ్లండులో 1958లో వచ్చిన స్టాండర్డ్ అట్లాస్ దానికి మూలం. ఆ కంపెనీ మూతపడిన పిదప ఆ బండి కంటపడడమే గగనమైనది.

మేము ఎరిగిన ఒక మెటాడోర్ కథ ఇక్కడ చెప్పదగియున్నది. మొదట అది పలకల బండి. అడుగున గడ్డి పరచి, పలకలను నిలువుగా పేర్చి, తాళ్ళతో బిగించేవారు. అడ్డంగా పేరిస్తే గతుకులలో పగులుతాయని ఆ హమాలీలకు తెలిసినంతగా ఏ పుస్తకానికీ తెలియదు. పలకల వ్యాపారం తగ్గిన తరువాత దాని ప్రక్క రేకులు కోసి కిటికీలు పెట్టినారు. లోపల రెండు బల్లలు వేసినారు. పెండ్లి ముహూర్తాలలో పెండ్లివారిని, తక్కిన రోజులలో బడి పిల్లలను మోసినది. కొంతకాలానికి కిటికీలు మరల మూసివేసి, మంచినీటి క్యాన్ల బండిగా మార్చినారు. ఫ్లోరైడ్ నీటితో పండ్లూ ఎముకలూ చెడిన మా పల్లెలకు శుద్ధి చేసిన నీరు మోయడం చిన్న సేవ కాదు. రంగు లేచిన చోట చూస్తే పచ్చ క్రింద పసుపు, పసుపు క్రింద నీలం. చెట్టు మానులో వయస్సు వలయాలున్నట్లు, ఆ రేకుమీద మా ప్రాంతపు బ్రతుకుతెరువుల వరుస ఉన్నది.

ఈ మార్పులన్నీ జరిగినది మెకానిక్ షెడ్డులో. మన కళాశాల పత్రికలో రెండు భాషలు ప్రక్క ప్రక్కన కూర్చున్నట్లే, ఆ షెడ్డులోనూ అవి కలిసి పనిచేస్తున్నవి. మరమ్మతు, పుర్జా, ఉస్తాద్ అనే మాటలు ఉర్దూనుండి వచ్చినవి. చట్రం, ఇరుసు, అచ్చు మన తెలుగువి. బ్రేకు, గేరు, వెల్డింగు ఇంగ్లీషువి. ఒకే వాక్యంలో మూడు భాషలనూ ఇమిడ్చి, ఎదుటివానికి స్పష్టంగా బోధపరచగల పండితులు ఆ నూనె మరకల చేతులవారు. 1960 దశకంలో విజయవాడలో ఏర్పడిన జవహర్ ఆటోనగరు మొదలుకొని మన మార్కాపురపు చిన్న షెడ్డు వరకు, 'బాడీ కట్టుట' అనే విద్య గురువు ప్రక్కన నిలబడి నేర్చుకొనేదే గాని నకషాలు చూచి నేర్చినది కాదు.

పై మెటాడోర్‌ను గురించి ఒక వృద్ధుడైన ఉస్తాదును మేమొకసారి అడిగితిమి. "ఉస్తాద్ గారూ, దీనిని మరల అసలు రూపానికి తేవచ్చునా?" ఆయన రెంచి క్రింద పెట్టి నవ్వినారు. "అసలు రూపమంటే ఏది బాబూ? నా దగ్గరకు వచ్చేనాటికే ఇది రెండు మార్లు మారింది. పొద్దున్నే స్టార్టయి నలుగురికి అన్నం పెట్టే రూపమే దాని అసలు రూపం." ఈ మాటలు మమ్ములను చాలకాలం ఆలోచింపజేసినవి.

ఏలనగా ప్రభుత్వ నిర్వచనం ఇందుకు భిన్నంగా ఉన్నది. 2021 జూలై 15న కేంద్ర రోడ్డు రవాణా మంత్రిత్వశాఖ పాత వాహనాలకు నియమాలను ప్రకటించినది. తొలి రిజిస్ట్రేషను జరిగి 50 సంవత్సరాలు దాటిన రెండు చక్రాల, నాలుగు చక్రాల బండ్లను 'వింటేజి' వాహనాలుగా నమోదు చేయవచ్చును. కొత్తగా నమోదుకు రుసుము 20,000 రూపాయలు, గడువు 10 సంవత్సరాలు, నంబరులో 'వి.ఎ.' అనే ప్రత్యేకాక్షరాలు. అయితే బండి అసలు రూపంలోనే ఉండవలెను. చట్రంలోగాని, బాడీలోగాని, ఇంజనులోగాని పెద్ద మార్పు జరిగి ఉండరాదు. వయస్సు లెక్కన తొలి మెటాడోర్లు 2019 నాటికే ఈ గౌరవానికి అర్హత పొందినవి. కాని బ్రతకడానికై రూపు మార్చుకున్నందున ఆ వాకిలి వాటికి మూసుకున్నది. మూడు చక్రాల టెంపోకైతే ఆ జాబితాలో చోటే లేదు.

ఈ నియమం అన్యాయమైనదని మేము అనబోము. నకిలీ పురాతన వాహనాలను అరికట్టడానికి ఏదో ఒక గీత గీయక తప్పదు. పాత డీజిలు బండ్ల పొగ ఊపిరితిత్తులకు హాని చేస్తుందన్నదీ సత్యమే. 2023 ఏప్రిల్ 1 నుండి 15 ఏళ్ళు దాటిన ప్రభుత్వ వాహనాలకు రిజిస్ట్రేషను పొడిగింపు లేకుండ చేయడమూ ఈ దృష్టితోనే. అవన్నీ రోడ్డుమీద తిరుగవలెనని మా వాదం కాదు. రోడ్డునుండి తొలగిన బండి జ్ఞాపకంనుండి కూడ తొలగిపోరాదన్నదే మా వాదం. హైదరాబాదు చౌమహల్లా ప్యాలెస్‌లో నిజాము ప్రభువుల 1912 నాటి పసుపు పచ్చని రోల్స్ రాయిస్ భద్రంగా ఉన్నది. చూడదగినదే. కాని అది తన జీవితంలో నడిచిన దూరం అతి స్వల్పం. లక్షల కిలోమీటర్లు నడిచి, వేల కుటుంబాలకు కూడు సంపాదించిపెట్టిన వ్యాను ఒక్కటైనా ఏ గాజు తలుపు వెనుకనైనా నిలుచున్నదా?

రూపు మారిన వ్యాను చరిత్రనే మార్చిన సందర్భం మన తెలుగువారికి తెలియనిది కాదు. 1982 మార్చి 29న తెలుగుదేశం పార్టీని స్థాపించిన నందమూరి తారక రామారావు ఒక పాత షెవ్రొలే వ్యానును ప్రచార రథంగా మార్పించినారు. పైకప్పే వేదిక, లోపలే విశ్రాంతి స్థలం. కుమారుడు హరికృష్ణ చక్రం పట్టినారు. దానికి 'చైతన్య రథం' అని పేరు. 1983 జనవరి 9న ఆయన ముఖ్యమంత్రి అయినారు. రాజకీయాభిప్రాయాలు ఎవరివి వారికుండవచ్చును. కాని పాత వ్యాను ఒకటి మేస్త్రీల చేతులలో ఎంతటి ప్రాణం పోసుకొనగలదో చెప్పడానికి అంతకుమించిన నిదర్శనం లేదు. ఆ వ్యానుకు విలువ వచ్చినది కంపెనీ ఇచ్చిన రూపంవలన కాదు, మారిన రూపంవలననే.

ఇది గతించిన ముచ్చట మాత్రమే కాదు. 2020లో కరోనా మహమ్మారి వ్యాపించినప్పుడు మన ఆర్టీసీ బస్సులు కొన్ని 'సంజీవని' అనే పరీక్షా కేంద్రాలుగా మారినవి. 2021 జనవరిలో మన రాష్ట్రంలో ఇంటి వద్దకే రేషను చేర్చడానికి 9,260 చిన్న వ్యాన్లు ప్రారంభమైనవి. ప్రత్యేకంగా కట్టిన బాడీలతో అవి సందు సందునా తిరిగినవి. 2025 జూన్ 1 నుండి ఆ విధానం ఆగిపోయి, బియ్యం మరల చౌక దుకాణాలకే చేరినవి. ఇట్టి బండ్లు పని ఆగిన పిమ్మట ఊరక ఉండవు. కూరగాయలకో, టిఫిన్లకో రూపు మార్చుకుంటాయి. నిన్న 9,260 ఉన్నవి రేపు మాపటికి అరుదైన వస్తువులు కాగలవు. అరుదైన తరువాత వెదకుటకంటె, కంటి ముందు ఉన్నప్పుడే వివరాలు వ్రాసి ఉంచుకొనుట సులభం గదా!

విద్యార్థి సోదర సోదరీమణులకు మా మనవి ఇది. మీ ఊరిలో ఏ పాకలోనో, ఏ చింతచెట్టు క్రిందనో ఒక పాత మెటాడోరో టెంపోనో నిలిచియుండవచ్చును. దాని ఛాసిస్ నంబరు పలకను చూడండి. పాత ఆర్.సి. పుస్తకం దొరికితే, అది ఏ సంవత్సరంలో సరుకు బండినుండి ప్రయాణికుల బండిగా మారినదో అందులో కనబడవచ్చును. రేకు రంగుల పొరలను లెక్కపెట్టండి. బాడీ కట్టిన ఉస్తాదు జీవించియుంటే ఆయన ప్రక్కన కూర్చొని, ఏ కోత ఎందుకు కోసినారో, ఏ అతుకు ఎందుకు వేసినారో అడిగి, ఆయన పలికిన మాటలలోనే వ్రాసుకొనండి. ఒక ఫోటో తీయండి. ఇందుకు ఖర్చు లేదు, ఓర్పు చాలును.

కళాశాల కమిటీ పెద్దలకు మరొక మనవి. అట్టి వివరాలను ఉంచడానికి గ్రంథాలయంలో ఒక బీరువా అర కేటాయించవలెనని కోరుతున్నాము. వీలైనచో ఆ వృద్ధ ఉస్తాదులలో ఒకరిని పిలిచి, మన విద్యార్థుల ఎదుట ఒక గంట మాట్లాడించవలెను. వారిలో చాలమంది పిల్లలు ఇటువంటి కళాశాలలలోనే చదువుకుంటున్నారు. తండ్రి నూనె చేతులను చూచి సిగ్గుపడిన కుమారుడు ఆనాడు సభలో ముందు వరుసలో కూర్చుంటే, మా ప్రయత్నం నెరవేరినట్లే.