మా ఇంటి లేతు

"ఫైళ్ళు కట్టుకునేవారికి లేతెందుకండీ?" అని మా ఆవిడ అడిగింది. ఆఫీసులో అడిగారు. పక్కింటివారు తమిళంలో అడిగారు. మా నాయన మాత్రం ఏమీ అడగలేదు. నా బాధంతా అదే.

మా నాయన ముప్పయి నాలుగేళ్ళు ఈ కోయంబత్తూరులో ఒక నూలు మిల్లులో టర్నరు. 1930ల్లో పైకారా కరెంటు వచ్చాక ఇక్కడ మిల్లులు పెరిగాయి. వాటి వెనకనే, మరమ్మతు పనుల కోసం లేతులూ వీధి వీధికీ వచ్చాయి. మన తెలుగువారిలో ఎందరో ఆ లేతుల మీదనే బతికారు. పెద్ద పెద్ద యంత్రాలు చేసిన జి. డి. నాయుడుగారు (1893–1974) కూడా మొదట ఒక మోటారు సైకిలును విప్పి, బిగించి పని నేర్చుకున్నవారే.

ఇలాంటి వూళ్ళో వుండి కూడా మా నాయన నన్ను లేతు దగ్గరికి రానివ్వలేదు. "నీ చేతికి నూనె అంటకూడదురా" అని మెట్రిక్ దాకా చదివించి గుమాస్తాను చేశారు. తరవాత ఆ మిల్లు మూతపడింది. ఆయన చేతులు వూరికే వుండిపోయాయి. నా చేతులకు స్టాంపు సిరా అంటింది.

నలభై ఆరో ఏట నాకు బుద్ధి పుట్టింది. ఒక చిన్న వర్కుషాపువారు సామాను అమ్మేస్తూంటే, రెండేళ్ళ చీటీ డబ్బు పెట్టి నాలుగున్నర అడుగుల బెడ్డున్న పాత కిర్లోస్కర్ లేతు ఒకటి కొన్నాను. హరిహరంలో తయారైన సరుకు. నాయనతో ముందు చెప్పలేదు. చెబితే వద్దంటారని భయం.

లారీలో నుంచి దించి, కూలీలు పైపుల మీద దొర్లిస్తూ, లీడ్ స్క్రూకు తాడు కట్టబోయారు. "ఆ మరకు తాడు కట్టొద్దు! అది వంగితే ఇంక లేతెందుకు?" అని వసారాలోనుంచి ఒక కేక. నేను తిరిగి చూసేసరికి నాయన లోపలికి వెళ్ళిపోయారు.

రెండు ఆదివారాలు కిరసనాయిలు పెట్టి తుప్పూ మడ్డీ కడిగాను. మా ఇంటికి మూడు ఫేజుల కరెంటు లేదు గనక ఆ మోటారు తీసేసి, సింగిల్ ఫేజు మోటారు పెట్టించి, ఎర్తు వైరు వేయించాను. మేస్త్రీ దగ్గర రసమట్టం అరువు తెచ్చి చూస్తే బుడగ సరిగ్గా మధ్యన నిలిచింది. నా అంతవాడు లేడనుకున్నాను.

మొదటి పని మా ఆవిడ పిండి గ్రైండరుకు బుష్షు. ఆ గ్రైండరు గోల వీధి చివరిదాకా వినబడేది. తీరా చేస్తే బుష్షు ఒక కొన లావు, ఒక కొన సన్నం. మళ్ళీ చేశాను. మళ్ళీ అంతే. "అరిగిపోయిన లేతును అంటగట్టారు, రేపే వెనక్కి పంపుతాను" అని అరిచాను.

అప్పుడు నాయన వచ్చారు. ఒక్క ముక్క అన్నారు: "మంచం కోడు కింద చెక్క పెట్టక, మంచాన్ని తిడతావేమిరా?"

ఆయన తన ట్రంకు పెట్టె తీసి, పాత పంచె గుడ్డలో చుట్టిన సొంత మట్టం బయటికి తెచ్చారు. మేస్త్రీ మట్టం గోడకు చాలునుగాని లేతుకు చాలదట. ఇది మీటరు దూరానికి మిల్లీమీటరులో యాభయ్యో వంతు ఎత్తుపల్లాన్ని కూడా చూపుతుంది. బెడ్డు మీద అడ్డంగా, చక్కు వైపు ఒకసారి, టెయిల్ స్టాకు వైపు ఒకసారి పెట్టారు. ఒకచోట బుడగ మధ్యన వున్నది, ఇంకొకచోట పక్కకు పారిపోయింది. పోత ఇనుమైనా ఒక కాలు కింద నేల రవంత తగ్గితే, బోల్టు బిగించినప్పుడు బెడ్డు మెలి తిరుగుతుంది. తప్పు లేతుది కాదు, నేను వేయించిన నేలది.

ముందు మట్టం చూసి సర్దాక, అసలు పరీక్ష కోతలో తేలుతుందన్నారు. అంగుళంన్నర కడ్డీని చక్కులో బిగించి, ఆరంగుళాలు బయటికి వుంచి, టెయిల్ స్టాకు ఆనించకుండా, నడుమ సన్నం చేసి, రెండు కొనల్లో రెండు పట్టీలు వదిలారు. వాటిని ఒకే అమరికలో పలచగా కోశారు. లోతుగా కోస్తే కడ్డీయే వంగి అబద్ధం చెబుతుందట. మైక్రోమీటరు నా చేతికిచ్చి, "చదువు. నాకు గీతలు కనబడవు. నిన్ను చదివించింది ఇందుకే" అన్నారు.

చక్కు దగ్గర 37.00, కొన దగ్గర 37.08. కొన లావు గనక టెయిల్ స్టాకు వైపు ముందరి కాలి కింద సన్నని ఇత్తడి రేకు పెట్టమన్నారు. ఆ కాలు లేస్తే కత్తి కడ్డీ వైపుకు జరుగుతుంది. రేకు పెట్టి, బోల్టు బిగించి, కోసి, కొలిచి, మళ్ళీ రేకు. నాలుగో సారికి తేడా 0.01కి వచ్చింది. అప్పటికి రాత్రి పదయింది. మా ఆవిడ రెండుసార్లు "మామయ్యా, అన్నం చల్లారిపోతోంది" అని పిలిచి వూరుకుంది.

బుష్షు సరిపోయింది, గ్రైండరు గోల తగ్గింది. కాని నా మీద గోల పెరిగింది. లుంగీతో లేతు దగ్గరికి రాకూడదు. తిరిగే కడ్డీని గుడ్డతో పట్టకూడదు. ఒకనాడు చక్కుకే కీ వదిలేసి స్విచ్చి వేయబోతే, నా చేతి మీద ఒక్కటిచ్చారు. నలభై ఆరేళ్ళవాణ్ణి, కిక్కురుమనలేదు. ఆనాటినుంచీ కీ ఆయన జేబులోనే వుంటుంది. ఆయన లేందే లేతు తిరగదు.

నిన్న రాత్రి అన్నం దగ్గర నాయనే నన్నడిగారు: "ఆదివారం ఏం చేద్దామురా?"