సామర్లకోట జంక్షనూ, మా కోనసీమ బండీ

కోనసీమవాణ్ణి పట్టుకుని "మీ ఊరికి స్టేషనేదండీ?" అని అడగకండి. ఇబ్బందిలో పడిపోతాడు. అమలాపురంవాడైతే రాజమండ్రి అనాలో కాకినాడ అనాలో తేల్చుకోలేడు. రాజోలువాడు వశిష్ఠ అవతలి పాలకొల్లు పేరు చెబుతాడు. కొత్తపేటవాడు ముందు రావులపాలెం బస్సు సంగతి ఎత్తుకుంటాడు. కొబ్బరికీ అరటికీ గోదావరి నీళ్ళకూ కొదవలేని సీమ మాది. అయితే ఏం లాభం? మూడు పాయల మధ్య చిక్కుకున్న ఈ లంకల్లోకి రైలుపట్టాలు నేటివరకూ రాలేదు.

మా ఇంటిల్లిపాదికీ స్టేషనంటే సామర్లకోట. మా ఊరు ముక్తేశ్వరం దగ్గర. పంటు మీద రేవు దాటితే కోటిపల్లి. అక్కడినుంచి ద్రాక్షారామం, రామచంద్రపురం మీదుగా బస్సులు మారి సామర్లకోట చేరుకునేవాళ్ళం. రాజమండ్రి పెద్ద స్టేషనే కాని, విశాఖపట్నం వెళ్ళేవాడికి అది వెనక్కి నడిచినట్టు. అందుకని నేను ఎం. ఏ. చదివిన రోజుల్లో పెట్టె పట్టుకుని దిగిందీ, ఎక్కిందీ సామర్లకోటలోనే.

ఈ స్టేషనుకు నూరేళ్ళు దాటిన చరిత్ర వున్నది. కటకం నుంచి బెజవాడ దాకా సముద్రతీరం వెంట ఈస్టుకోస్టు స్టేట్ రైల్వేవారు వేసిన లైనులో, 1893లో ఈ తట్టు బండ్లు నడవడం మొదలయింది. పెద్ద లైను కాకినాడకు పోకుండా లోపలగా సాగిపోయింది. కాకినాడ ఓడరేవు కోసం సామర్లకోట దగ్గర ఒక కొమ్మ చీల్చవలసి వచ్చింది. ఆ కొమ్మ పుణ్యమే ఈ జంక్షను. తరువాత యజమానులు చాలామందే మారారు. 1901లో మద్రాసు రైల్వే, 1908లో ఎం. అండ్ ఎస్. ఎం., 1951లో దక్షిణ రైల్వే, 1966లో దక్షిణమధ్య రైల్వే. బోర్డు మీద అక్షరాలు మారినా, కాకినాడ వెళ్ళేవాడు ఇక్కడ దిగి బండి మారడం మాత్రం మారలేదు.

ఇంకొక ముచ్చట చెబుతాను. రాజమండ్రి దగ్గర హేవలాకు వంతెన తెరిచింది 1900లో. అంతకు ముందు రైలు ప్రయాణికులు ఇటు రాజమండ్రిలోనో, అటు కొవ్వూరులోనో బండి దిగి, నావ మీద గోదావరి దాటి, అవతల మళ్ళీ బండి ఎక్కవలసిందే. అంటే ఆరేడేళ్ళపాటు దేశమంతా మా కోనసీమవాళ్ళలాగే ప్రయాణం చేసిందన్నమాట! వాళ్ళకు వంతెన వచ్చింది. మేము మాత్రం రేవులోనే వుండిపోయాము.

కాకినాడలో బయలుదేరే గౌతమి, సర్కారు, శేషాద్రి ఎక్స్‌ప్రెస్‌లన్నీ సామర్లకోట పలకరించే పోతాయి. హౌరా తట్టునుంచి వచ్చేవారు ఇక్కడ దిగి కాకినాడకు పాసింజరో బస్సో చూసుకుంటారు. రెండు బండ్ల నడుమ రెండు మూడు గంటలు దొరికితే విచారించకండి. పంచారామాలలో ఒకటైన కుమారారామం ఈ ఊళ్ళోనే వున్నది. భీమేశ్వరస్వామి లింగం కింది అంతస్తులో మొదలై పై అంతస్తులోకి లేచి వుంటుంది. అభిషేకం చూడాలంటే మెట్లెక్కి పైకి వెళ్ళాలి. దర్శనం చేసుకుని తీరికగా వచ్చినా, బండి మీకంటే ఆలస్యంగా వచ్చిన రోజులు వుంటాయి.

ఈ జంక్షనులో నేను గడిపిన ఒక రాత్రి సంగతి చెప్పాలి. 2001 చలికాలం. "తాతగారికి బాగులేదు, వెంటనే రా" అని హాస్టలుకు ఫోను వచ్చింది. దొరికిన బండి పట్టుకున్నాను. అది సామర్లకోట చేరేసరికి రాత్రి పదకొండు దాటింది. అదే బండిలో రాజమండ్రి దాకా పోయివుంటే, రావులపాలెం మీదుగా ఏ లారీనో పట్టుకుని తెల్లవారేలోగా ఇల్లు చేరేవాణ్ణి. ఆ తొందరలో బుద్ధి పనిచెయ్యలేదు. అలవాటు చొప్పున కాళ్ళు దిగిపోయాయి. బండి కదిలాక తప్పు తెలిసింది. బయట బస్సులు లేవు.

ఒక ముసలి కూలీ నా వాలకం చూసి, "ఏ ఊరు బాబూ?" అన్నాడు. చెప్పాను. "ఇప్పుడు కోటిపల్లి చేరినా లాభం లేదు బాబూ. పంటు తెల్లారేదాకా కదలదు. ఆ బల్ల మీద నడుం వాల్చండి" అని, ఎక్కడినించో టీ తెచ్చి ఇచ్చాడు. డబ్బు పుచ్చుకోలేదు. ఆ రాత్రంతా ఎన్ని బండ్లు పోయాయో! దేశం ఆ చివరినుంచి ఈ చివరికి పోయేవాళ్ళంతా నా ఎదుటనుంచే పోతున్నారు. నలభై మైళ్ళయినా లేని మా ఇంటికి నేను పోలేకపోయాను.

మా తాతగారికి రైలంటే ప్రాణం. కాకినాడనుంచి కోటిపల్లికి 1928లో రైలు వచ్చింది. అప్పుడాయనకు పదేళ్ళు. తండ్రి వెంట రేవు దాటి వెళ్ళి చూసిన ఆ ఇంజను సంగతి, "ఏనుగు నీళ్ళు తాగినట్టు తాగిందిరా అబ్బాయ్" అని ఎన్నిసార్లు చెప్పారో లెక్కలేదు. పన్నెండేళ్ళు తిరగకుండానే, 1940లో, యుద్ధ అవసరాలకని ఆ పట్టాలు పీకేశారు. "యుద్ధం ఎక్కడో జరిగింది. పట్టాలు మాత్రం మావి పోయాయి" అనేవారు. "మళ్ళీ వస్తుందిలే" అని కూడా అనేవారు.

మర్నాడు మధ్యాహ్నానికి ఇల్లు చేరాను. తాతగారు కళ్ళు తెరిచి చూసి, "బండిలో వచ్చావురా?" అన్నారు. ఆయన అడిగింది ఏ బండి గురించో నాకు తెలుసు. "బండిలోనే వచ్చాను తాతయ్యా" అన్నాను. అబద్ధం కాదు, నిజమూ కాదు. మూడో రోజున వెళ్ళిపోయారు.

2002లో ఎదుర్లంక, యానాంల నడుమ వంతెన పడి కాకినాడ దారి సుళువయింది. 2004లో కోటిపల్లికి బండి నిజంగానే తిరిగి వచ్చింది. తరువాత బస్సులాంటి ఒంటిపెట్టె రైలుబస్సు కూడా నడిచింది. మొదటిసారి ఎక్కినప్పుడు కిటికీ పక్కనే కూర్చున్నాను. ద్రాక్షారామం దాటాక మా వాళ్ళు పలకరించినా జవాబు చెప్పలేకపోయాను.

మిగిలింది కోటిపల్లినుంచి అమలాపురం మీదుగా నరసాపురం దాకా 57 కిలోమీటర్లు. గౌతమి, వైనతేయ, వశిష్ఠ మూడూ దాటాలి. అమలాపురం ప్రతినిధిగా లోక్‌సభ స్పీకరయిన బాలయోగిగారు పట్టుబట్టిన లైను ఇది. 2000లో శంకుస్థాపన జరిగింది. పాతికేళ్ళకు గౌతమిలో స్తంభాలు లేచాయి కాని వాటి మీద బండి ఇంకా నడవలేదు. సామర్లకోట, ద్రాక్షారామం, పాలకొల్లు, భీమవరం, ఈ నాలుగు ఆరామాలకూ రైలుపట్టాలు వున్నాయి. వాటి నడుమ వున్న మాకే లేవు. ఆ ముక్క కలిస్తే అంబాజీపేట కొబ్బరికి లారీ ఒక్కటే దిక్కు కానక్కరలేదు. రాత్రివేళ కబురందినవాడు తెల్లవారేదాకా బల్ల మీద కూర్చోనక్కరలేదు.

మొన్న ముక్తేశ్వరం రేవులో ఆ స్తంభాల సంగతి వచ్చినప్పుడు మా అమ్మాయి, "వీటిమీద రైలు ఎప్పుడు వస్తుంది నాన్నా?" అని అడిగింది.

"వస్తుందిలే" అన్నాను. అచ్చంగా మా తాతగారి గొంతులాగే వినిపించింది నాకు.