కాసేపు కనబడకుండా

రాత్రి పదకొండయింది. విజువల్ స్టూడియో కోడ్‌లో కంట్రోల్ బి నొక్కితే ఎడమవైపు ఫైళ్ల జాబితా మాయమైంది. కుడి అంచున చీమల బారులా ఉండే మినీమ్యాప్‌నీ ఆపేశాను. దాన్ని చూసి దారి వెతుక్కున్నది ఏనాడూ లేదు. చివరికి కంట్రోల్ కె, ఆపైన జెడ్: జెన్ మోడ్. అడుగున స్టేటస్ బార్ కూడా పోయింది. నల్లటి తెర, నాలుగు వరుసల కోడ్, మినుకుమినుకుమనే కర్సర్.

నాన్న గుర్తొచ్చారు. పరీక్ష పేపర్లు దిద్దే ముందు బల్ల మీది రేడియో, మందుల డబ్బా, కరెంటు బిల్లులు అన్నీ మంచం మీదికి చేర్చేవారు. ఎర్ర సిరా పెన్నొక్కటే మిగిలేది. అప్పుడు మేం పిలిచినా పలికేవారు కాదు. నిద్రవేళకి అవన్నీ మళ్లీ బల్లెక్కేవి. బిల్లు కట్టడం తప్పేదా?

ఎస్కేప్ రెండుసార్లు నొక్కితే ఇక్కడా స్టేటస్ బార్ తిరిగొస్తుంది, మళ్లీ కంట్రోల్ బి నొక్కితే ఫైళ్ల జాబితా కూడా. ఇంకా నొక్కలేదు.