భీమిలి వెళ్తారు... భీమిలిని చూడరు!

ఆదివారం మధ్యాహ్నం విశాఖ బీచ్ రోడ్డు పట్టుకుని ఉత్తరంగా బయల్దేరిన కార్లూ బైకులూ గంటలోపే భీమిలి చేరిపోతాయి. ఇసుకలో కాసేపు ఆట, అలల దగ్గర నాలుగు ఫొటోలు, పొట్లం మూరీ మిక్చర్... చీకటి పడకముందే తిరుగుప్రయాణం. ఇంటికెళ్లి 'భీమిలి చూసొచ్చాం' అంటారు. నిజానికి వాళ్లు చూసింది సముద్రాన్ని. అది విశాఖలోనూ ఉంది. భీమునిపట్నం మాత్రం వాళ్ల వీపు వెనక, ఒకటి రెండు వీధుల అవతలే ఉండిపోయింది!

అసలు చూడాల్సినవి దారిలోనే మొదలవుతాయి. రుషికొండ దాటాక ఎడమవైపు కొండల మీద బావికొండ, తొట్లకొండ. రెండువేల ఏళ్ల కిందట బౌద్ధ భిక్షువులు నివసించిన చోట్లు. వాననీటి కోసం రాతిని తొలిచి కట్టుకున్న బావులూ తొట్లే ఈ కొండలకు పేర్లయ్యాయి. ఇంత ఎత్తున విహారాలెందుకు కట్టారో తొట్లకొండ మీద నిలబడి సముద్రం వైపు చూస్తే ఎవరూ చెప్పక్కర్లేదు. భీమిలి ఊరిని ఆనుకుని ఉన్న పావురాళ్లకొండ మీదా ఇలాంటి తొట్లే ఉన్నాయి. అదే కొండపై నరసింహస్వామి గుడి. పాండవులు వనవాసంలో ఇటువైపు వచ్చారనీ, బకాసురుణ్ణి చంపిన భీముడే ఈ స్వామిని ప్రతిష్ఠించాడనీ, ఊరికి ఆ పేరు అందుకే వచ్చిందనీ స్థానికులు చెప్పుకుంటారు.

భీమిలికి కాస్త ముందు ఎర్రమట్టి దిబ్బలు వస్తాయి. 'మరోచరిత్ర' (1978) నుంచి ఎన్నో సినిమాలకు విశాఖ, భీమిలి పరిసరాలే నేపథ్యం కాబట్టి, తొలిసారి వచ్చినవారికీ ఈ దిబ్బలు ఎక్కడో చూసినట్టే అనిపిస్తాయి. మట్టి అంటున్నాం గానీ ఇది ఇసుకే. వేల ఏళ్ల కిందట, మంచుయుగంలో సముద్రం వెనక్కి తగ్గినప్పుడు బయటపడ్డ ఇసుకను గాలి మోసుకొచ్చి ఇక్కడ పోసింది. రేణువుల మీద ఇనుప ఆక్సైడు పేరుకుని ఎర్రబడింది. ఆపైన వానలు దాన్ని లోయలుగా కోసేశాయి. లోపలికి నాలుగడుగులు వేస్తే చాలు, రోడ్డు చప్పుడు వినపడదు. దక్షిణాసియాలో ఇలాంటివి తమిళనాడులోనూ శ్రీలంకలోనూ తప్ప కనిపించవు. 2014లో వీటిని జాతీయ భూవారసత్వ సంపదగా గుర్తించారు. అయినా 2024లో దిబ్బల పక్కనే యంత్రాలతో తవ్వకాలు జరిగి పెద్ద దుమారమే రేగింది. 2025 సెప్టెంబరులో యునెస్కో తాత్కాలిక జాబితాలోకీ ఎక్కాయి. గాలీ వానా వేల ఏళ్లు పడి చెక్కినదాన్ని చదును చెయ్యడానికి పొక్లెయినుకు ఒక్కరోజు చాలు.

ఇక ఊళ్లోకి. విశాఖకు హార్బరు లేని రోజుల్లో ఈ తీరంలో పేరున్న రేవుల్లో భీమిలి ఒకటి. ఓడలు దూరంగా లంగరు వేసుకుంటే సరుకు పడవల మీద వెళ్లేది. ఇక్కడి గోగునారకు ప్రపంచ మార్కెట్లో 'బిమ్లీ జ్యూట్' అనే పేరే ఉంది. 1861లోనే మున్సిపాలిటీ అయింది. దేశంలోని పాత మున్సిపాలిటీల్లో అదీ ఒకటి. 1933లో విశాఖ హార్బరు మొదలయ్యాక భీమిలి రేవు వెలవెలబోయింది. మున్సిపాలిటీ కూడా గ్రేటర్ విశాఖలో కలిసిపోయింది. పాత లైట్‌హౌస్, గంటస్తంభం, 19వ శతాబ్దపు సెయింట్ పీటర్స్ చర్చి... నింపాదిగా నడిస్తే ఒక పూటలో అన్నీ చుట్టిరావచ్చు.

ఏది చూడకపోయినా డచ్చివారి సమాధులు మాత్రం చూడాల్సిందే. 17వ శతాబ్దంలో వ్యాపారానికొచ్చిన డచ్చివారిని మనవాళ్లు వలందులు అనేవారు. మచిలీపట్నంలోని వలందపాలెం ఆ పేరు మిగిల్చుకున్న పేటే. భీమిలిలో కోట కట్టి, సరుకు ఎగుమతి చేసి, 1825లో ఊరిని ఆంగ్లేయులకు అప్పగించి వెళ్లిపోయారు. వెళ్లలేకపోయినవారు ఇక్కడే ఉన్నారు, శిఖరాల్లా లేచిన ఇటుక సమాధుల కింద. రాళ్ల మీద చెక్కిన డచ్చి అక్షరాలు ఉప్పుగాలికి అరిగిపోతున్నాయి. ఏడు సముద్రాలు దాటొచ్చిన వ్యాపారుల సంగతి చివరికి ఈ నాలుగు పలకల్లో మిగిలింది.

ఆ డచ్చివారే మరో ఖండంలోనూ ఊళ్లు కట్టారు. దక్షిణ అమెరికాలోని సురినామ్ రాజధాని పారమారిబో వాటిలో ఒకటి. అక్కడి పాత చెక్క ఇళ్ల వీధులు 2002లో ప్రపంచ వారసత్వ జాబితాకెక్కాయి. వాటిని చూడటానికే పర్యాటకులు ఆ ఊరు వెళ్తారు. భీమిలిలో డచ్చి సమాధుల ముందునుంచే బీచ్‌కి వెళ్లేవారిలో ఎంతమంది తలతిప్పి చూస్తారో!

ఎండ చల్లబడ్డాక సముద్రం దగ్గరికి వెళ్లినా ఆలస్యమేం కాదు. అనంతగిరి కొండల్లో పుట్టి, బొర్రా గుహల మీదుగా వచ్చే గోస్తనీ నది ఇక్కడే సముద్రంలో కలుస్తుంది. ఆ సంగమం దగ్గర కూర్చోవచ్చు గానీ, నీళ్లలోకి దిగొద్దు. ఇసుకమేటలు, ప్రవాహం రోజుకో తీరుగా మారుతుంటాయి.

విశాఖ నుంచి భీమిలి ముప్ఫై కిలోమీటర్ల లోపే. బీచ్ రోడ్డు మీదుగా సిటీ బస్సులున్నాయి. అక్టోబరు నుంచి ఫిబ్రవరి వరకు అనువైన కాలం. పొద్దున్నే బయల్దేరి ముందు తొట్లకొండ, దిబ్బలు చూసేస్తే మంచిది. పదిన్నర దాటితే ఎర్రమట్టి కాళ్లను కాల్చేస్తుంది. నీళ్ల సీసా మర్చిపోవద్దు, ఖాళీ సీసా వెనక్కి తెచ్చుకోవడమూ మర్చిపోవద్దు.