నాణెం చెప్పని మాట

రోము పట్టణంలోని పాత ఫోరములో నడుస్తూ మేమిద్దరం ఒక కట్టడం ముందు ఆగాము. ముందు వరుసలో ఆరు ఎత్తైన రాతి స్తంభాలు, వాటి వెనుక చర్చి గోడ! క్రీ.శ. 140లో ఫౌస్తీనా మహారాణి చనిపోగా, ఆమె భర్త ఆంటొనీనస్ పయస్ చక్రవర్తి ఆమెను దేవతగా ఎంచి కట్టించిన గుడి అది. చాలాకాలం తరువాత అదే పరిశుద్ధ లారెన్సు పేరిట చర్చిగా మారింది.

ఆ మధ్యాహ్నం రైల్వే స్టేషను దగ్గరున్న పలాజ్జో మాస్సిమో మ్యూజియంలో, నేలమాళిగలోని నాణేల గది చూచాము. కంచు నాణేలని పేరే గాని, పెద్దవి ఇత్తడివి, చిన్నవాటిలో చాలా మట్టుకు రాగివి. ఫౌస్తీనా జడలల్లి నడినెత్తిన కొప్పు చుట్టుకున్నది. ఆమె నాణేలలో కొన్నింటికి వెనుకవైపున దివిటీ, ధాన్యపు కంకులు పట్టుకొన్న సెరెస్ ఉంటుంది. రోమీయులకు ఆమె పంటల దేవత. రాణిని ఎన్నడూ చూడని పల్లెవాడు కూడా ఆమె ముఖాన్ని సంతలో చేతబట్టుకొనేవాడన్నమాట.

ఆమె కుమార్తె పేరు కూడా ఫౌస్తీనాయే. మార్కస్ ఔరేలియస్ చక్రవర్తి భార్య. ఆమె నాణెం ఒకదానిమీద సింహాసనంపై ఇద్దరు పసిబిడ్డలున్నారు. చుట్టూ ఉన్న అక్షరాలకు 'ఈ కాలపు సౌభాగ్యం' అని అర్థం. 161లో ఆమెకు పుట్టిన కవల కుమారులే వీరని పండితులు చెబుతారు. వారిలో ఒకడు నాలుగేండ్లకే చనిపోయాడు. ఆమె పన్నెండుమందికి పైగా బిడ్డలను కన్నది. చాలామంది చిన్నతనంలోనే పోయారు. సంతాన సమృద్ధిని దేవతగా చెక్కి, చేతికి బిడ్డనిచ్చి, ఆమె పేరిట నాణేలు వేశారు. పుట్టినవారిని నాణెం ఊరూరా చాటింది. పోయినవారి మాట మాత్రం ఎత్తలేదు.

అక్కడినుండి మేము వెంటనే కదలలేకపోయాము. మాకెందరు పిల్లలని ఎవరడిగినా ఇద్దరనే చెబుతుంటాము. పుట్టినవారు ముగ్గురు. పెద్దవాడు మూడో ఏట జ్వరంతో ప్రభువునందు నిద్రించాడు. వాడి పేరు మా ఇంట్లో మేమే పలకడం మానుకొన్నాము. అయితే మా పెద్ద బైబిలు మొదటి పేజీలో తాతగారు వ్రాసిన మూడు పేర్లు నేటికీ అలాగే ఉన్నాయి.

ఇంటికి చేరిన రాత్రి ప్రార్థనకు ముందు ఆ పేజీ తెరిచి, చిన్నపిల్లలిద్దరికీ వారి అన్న పేరు చదివి వినిపించాము. ఇప్పుడు ఎవరైనా అడిగితే ముగ్గురని చెబుతున్నాము.